మందడం గోళకి మఠం: రాజధాని ఊళ్లలో 13వ శతాబ్దపు బడి, ఆసుపత్రి, అన్నసత్రం

ఆంధ్రప్రదేశ్ తాత్కాలిక సచివాలయం 2016 నుంచి గుంటూరు జిల్లా తుళ్లూరు మండలం వెలగపూడిలో నడుస్తోంది. దాని పక్క ఊళ్లు మల్కాపురం, మందడం. రాజధాని వార్తల వల్ల ఈ మూడు పేర్లు గత పదేళ్లలో తెలుగువాళ్లందరికీ పరిచయమయ్యాయి. చరిత్రకారులకు మాత్రం అంతకు చాలా ముందే తెలుసు. మల్కాపురంలోని రాతి స్తంభం మీద 1261 నాటి శాసనం ఒకటి ఉంది. కాకతీయుల కాలం నుంచి మనకు దక్కిన అతి ముఖ్యమైన పత్రాల్లో అదొకటి. ఒక ఊరిని మఠంగా, బడిగా, ఆసుపత్రిగా, అన్నసత్రంగా ఎలా నడపాలో అది పద్దులు వేసి చెబుతుంది.

మఠం కట్టడం ఇప్పుడు లేదు. ఆ మఠం ఎలా నడవాలో రాసిన రాయి మాత్రం ఉంది. మందడం మఠం వారసత్వమంతా ఆ రాతిలోనే మిగిలింది. ఆ రాయి ఉన్న నేల రూపురేఖలు ఇప్పుడు వేగంగా మారిపోతున్నాయి.

తల్లి మఠం, శాఖా మఠం

మందడం మఠం స్వతంత్రంగా పుట్టలేదు. గోళకి మఠం అనే పెద్ద శైవ సంస్థకు అది శాఖ. తల్లి మఠం నేటి మధ్యప్రదేశ్‌లో, నర్మదా తీరపు డాహల మండలంలో కలచురి రాజుల ఏలుబడిలో పుట్టింది. అది సరిగ్గా ఎక్కడుండేదన్న విషయంలో పండితుల మధ్య భేదం ఉంది. కొందరు రీవా దగ్గరి గుర్గీ అన్నారు. వి.వి. మిరాశీ జబల్‌పూర్ దగ్గర భేడాఘాట్‌లోని గుండ్రటి చౌసఠ్ యోగిని ఆలయాన్ని చూపించారు. ‘గోళకి’ అన్న పేరుకు, ఆ గుండ్రటి ఆకారానికి సంబంధం ఉందని ఆయన వాదన.

మల్కాపురం శాసనం ఆ మఠం వంశావళిని దుర్వాస మహర్షి నుంచి మొదలుపెడుతుంది. సద్భావ శంభువు అనే ఆచార్యుడికి కలచురి యువరాజదేవుడు మూడు లక్షల గ్రామాలను భిక్షగా ఇచ్చాడనీ, ఆయన వాటిని గోళకి మఠానికి వృత్తిగా రాసిచ్చాడనీ చెబుతుంది. యువరాజదేవుడు 10వ శతాబ్దపు రాజు. మూడు లక్షల ఊళ్లన్న లెక్కను అక్షరాలా తీసుకోలేం. అయినా మఠం తన గురించి ఏం చెప్పుకోదలచిందో ఆ సంఖ్య చెబుతుంది: రాజులు ఇస్తారు, గురువులు పుచ్చుకుని సంస్థకు అప్పగిస్తారు, ఆస్తి వ్యక్తిది కాదు.

అదే 10వ శతాబ్దంలో ఐరోపాలోనూ ఇలాంటి ఏర్పాటే మొదలైంది. ఫ్రాన్స్‌లో 910లో స్థాపించిన క్లూనీ మఠం కింద వందలాది చిన్న మఠాలు ఏర్పడ్డాయి. పల్లెల్లో, పొలాల మధ్య ఉండే ఆ శాఖలను ప్రయరీలు అంటారు. వాటి అధిపతి తల్లి మఠాధిపతికి జవాబుదారీ. రెండు మతాలకూ, రెండు సమాజాలకూ పోలిక లేకపోయినా సంస్థాగతంగా మందడం మఠాన్ని అర్థం చేసుకోవడానికి ఈ పోలిక పనికొస్తుంది. దూరంలో ఒక పీఠం, ఊళ్లలో దాని శాఖలు, శాఖకు కొంత భూమి, ఆ భూమి రాబడితో పూజ, చదువు, అన్నదానం.

గోళకి గురువులు శైవ సిద్ధాంత సంప్రదాయానికి చెందినవారు. వాళ్లలో సోమశంభువు 11వ శతాబ్దంలో రాసిన పూజా, దీక్షా విధాన గ్రంథం ‘సోమశంభు పద్ధతి’ దక్షిణాది ఆలయ సంప్రదాయంపై గట్టి ప్రభావం చూపింది. ఆ గ్రంథాన్ని పుదుచ్చేరిలోని ఫ్రెంచ్ సంస్థ 20వ శతాబ్దంలో నాలుగు సంపుటాలుగా ప్రచురించింది. మల్కాపురం శాసనంలోని గురువుల వరుసలో ఆ సోమశంభువు పేరు ఉంది.

బెంగాల్ నుంచి కృష్ణా తీరానికి

మందడం మఠాన్ని స్థాపించినవాడు విశ్వేశ్వర శివాచార్యుడు. శాసనాల్లో విశ్వేశ్వర శంభువు అని కూడా కనిపిస్తాడు. ఆయన తెలుగువాడు కాదు. గౌడదేశంలోని దక్షిణ రాఢలో, అంటే నేటి పశ్చిమ బెంగాల్‌లో, పూర్వగ్రామం ఆయన సొంతూరు. ఆయనకు ముందు ఆ పీఠంలో కూర్చున్నవాళ్లలో ఒకరు కేరళకు చెందినవాడు. 13వ శతాబ్దంలో ఒక మతసంస్థ ఎంత దూరాల నుంచి మనుషులను తెచ్చుకుని, ఎంత దూరాలకు పంపగలిగిందో ఈ రెండు పేర్లే చెబుతాయి.

కాకతీయ గణపతిదేవుడు విశ్వేశ్వరుడి దగ్గర శివదీక్ష తీసుకున్నాడు. కాకతీయులు అంతకుముందు కాలాముఖ శైవులను ఆదరించారు. కాలాముఖులు లాకుల శాఖ వాళ్లు. ఆ శాఖకు మూలపురుషుడుగా చెప్పే లకులీశుడి క్షేత్రం నేటి గుజరాత్‌లో వడోదర జిల్లాలోని కారవణ్. శ్రీశైలం మల్లికార్జున శిలా మఠానికి చెందిన కాలాముఖ ఆచార్యుడు రామేశ్వర పండితుడికి రెండో బేతరాజు 11వ శతాబ్దం చివర్లో గ్రామదానం చేశాడు. గణపతిదేవుడి కాలానికి రాజగురు స్థానంలోకి గోళకి ఆచార్యులు వచ్చారు.

రాజకీయంగా కూడా ఆ సమయం ముఖ్యమైంది. గణపతిదేవుడు 1199లో గద్దెనెక్కాడు. కొద్ది ఏళ్లలోనే వెలనాటి చోడుల చేతుల్లోంచి కృష్ణా డెల్టాను గెలుచుకున్నాడు. దివిసీమను పాలించిన అయ్య వంశంతో సంబంధం కలుపుకున్నాడు. 1244లో మోటుపల్లి రేవులో విదేశీ వర్తకులకు అభయమిస్తూ శాసనం వేయించాడు. అంటే ఓరుగల్లు రాజ్యం మెట్ట నుంచి పల్లానికి, చెరువు సేద్యం నుంచి ఏటి ఒడ్డుకు, అక్కడి నుంచి సముద్రానికి విస్తరించింది. కొత్తగా చేతికొచ్చిన డెల్టాలో రాజగురువు మఠానికి ఊళ్లు ఇవ్వడంలో భక్తి ఎంత ఉందో, పాలన అవసరం కూడా అంతే ఉంది. రాజుకు విధేయంగా ఉండే, లెక్కలు రాయగలిగే, నలుగురికి తిండి పెట్టగలిగే ఒక స్థిరమైన సంస్థ అక్కడ నిలబడుతుంది.

శాసనం ప్రకారం వెలనాటి విషయంలో, కండ్రవాటిలో, కృష్ణవేణి నదికి దక్షిణపు ఒడ్డున ఉన్న మందరం గ్రామాన్ని గణపతిదేవుడు గురువుకు ఇస్తానన్నాడు. ఆయన కూతురు రుద్రదేవి ఆ మాట నిలబెట్టింది. మందరంతో పాటు వెలంగపూడిని, నదిలోని లంక భూములను కూడా కలిపి ఇచ్చింది. ఆ మందరమే నేటి మందడం, ఆ వెలంగపూడే నేటి వెలగపూడి. తేదీ శక సంవత్సరం 1183, దుర్మతి నామ సంవత్సరం చైత్రం, అంటే 1261 మార్చి.

రుద్రమదేవి చరిత్రకు కూడా ఈ శాసనం కీలకం. మార్కో పోలో ఆమెను రాజు భార్యగా, వితంతువుగా రాశాడు. తర్వాతి కాలపు తెలుగు గాథల్లోనూ ఆమె గణపతిదేవుడి భార్య అన్న మాట కనిపిస్తుంది. మల్కాపురం శాసనం ఆమె ఆయన కూతురని స్పష్టంగా చెబుతుంది. ఆ వివాదాన్ని తేల్చిన ఆధారాల్లో ఇది ముందు వరసలో ఉంటుంది.

రాతి మీద పద్దు

దానం పుచ్చుకున్న విశ్వేశ్వరుడు ఆ నేల మీద విశ్వేశ్వర ఆలయం, మఠం, అన్నసత్రం కట్టించాడు. విశ్వేశ్వర గోళకి అనే పేరుతో అగ్రహారాన్ని ఏర్పాటు చేశాడు. ద్రావిడ దేశం నుంచి 60 బ్రాహ్మణ కుటుంబాలను తెచ్చి అక్కడ నిలిపాడు. ఒక్కో కుటుంబానికి రెండు పుట్ల భూమి ఇచ్చాడు. పుట్టి అంటే 20 తూములు. అంత విత్తనం పట్టే నేలను పుట్టి భూమి అనేవాళ్లు.

మిగిలిన భూమిని మూడు వాటాలు చేశాడు. మొదటిది ఆలయంలో శివుడి పూజకు. రెండోది విద్యార్థులకు, శుద్ధశైవ మఠానికి. మూడోది ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, సత్రానికి. అంటే భూమి రాబడిలో ఒక వంతు దేవుడి పేరనైతే, రెండు వంతులు చదువు, వైద్యం, అన్నం పేరన పడ్డాయి.

తర్వాత ఉద్యోగుల జాబితా వస్తుంది. ఋగ్వేదం, యజుర్వేదం, సామవేదం చెప్పడానికి ముగ్గురు. వ్యాకరణం, మీమాంస, తర్కం, సాహిత్యం, ఆగమం లాంటి శాస్త్రాలు చెప్పడానికి ఐదుగురు. ఒక వైద్యుడు. లెక్కలు రాయడానికి ఒక కాయస్థుడు. ఆలయంలో పది మంది నర్తకులు, వాళ్లకు మద్దెలలు వాయించేవాళ్లు, పాటగత్తెలు. వాళ్లతో పాటు కాశ్మీర దేశపు గాయకుడు ఒకరు. మఠానికీ సత్రానికీ వంటవాళ్లు, పనివాళ్లు. ఊరి కాపలాకు వీరభద్రులని పిలిచే పది మంది. కంసాలి, కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, రాతిపనివాడు, మేదరి, మంగలి లాంటి వృత్తులవాళ్లు. వీళ్లకు జీతంగా భూమి వాటాలు.

ఈ జాబితా చదివితే ఒక చిన్న పట్టణమే కళ్ల ముందు నిలుస్తుంది. బెంగాల్ గురువు, తమిళ ప్రాంతపు బ్రాహ్మణులు, కాశ్మీర గాయకుడు, స్థానిక కంసాలి, కుమ్మరి కలిసి కృష్ణ ఒడ్డున ఒక పల్లెలో ఉన్నారు. శాసనం భాషలోనూ ఆ కలయికే ఉంది. అందులో సంస్కృతం, తెలుగు రెండూ కనిపిస్తాయి.

చదువు విషయంలో ఇంకో సంగతి గమనించాలి. మఠం శైవ సిద్ధాంతుల చేతిలో ఉన్నా, అక్కడ అన్నవస్త్రాలు పొందేవాళ్లలో కాలాముఖులు, పాశుపతులు కూడా ఉన్నారు. రాజగురు స్థానం చేతులు మారినా పాత శాఖ విద్యార్థులకు తలుపు మూయలేదు. అయితే ఈ ఔదార్యం శైవం గీసుకున్న గీత లోపలిది.

ప్రసూతిశాల, అందరికీ అన్నం

మధ్యయుగ దక్షిణ భారతంలో ఆలయాలకు అనుబంధంగా వైద్యశాలలు ఉండటం కొత్త కాదు. తమిళనాడులోని తిరుముక్కూడల్ ఆలయంలో 11వ శతాబ్దపు చోళ శాసనం 15 పడకల ఆతురశాల గురించి, అందులో నిల్వ ఉంచే మందుల గురించి చెబుతుంది. మల్కాపురం శాసనంలో అంత వివరం లేదు. కానీ ఆరోగ్యశాలతో పాటు ప్రసూతిశాలను విడిగా పేరు పెట్టి చెప్పడం దీని ప్రత్యేకత. కాన్పు ఇంటి గడప దాటని వ్యవహారంగా ఉన్న కాలంలో, పురుషులు నడిపే ఒక మఠం తన భూమి పద్దులో దానికి చోటిచ్చింది.

అన్నసత్రం గురించి శాసనం వాడిన మాట ఇంకా పెద్దది. బ్రాహ్మణుల నుంచి చండాలుర వరకు, వచ్చిన ఎవరికైనా అన్నం పెట్టాలి, సత్రం తలుపు ఎప్పుడూ తెరిచి ఉండాలి. కులాల మెట్లను ఆ వాక్యం చెరిపేయలేదు. పై మెట్టు, కింది మెట్టు పేర్లు చెప్పి మరీ ఆ మధ్యనున్న అందరినీ కలుపుకుంది. ఆకలి దగ్గర ఎవరినీ వెనక్కి పంపకూడదన్నది నియమం.

ఆ నియమం హద్దు కూడా అదే రాతి మీద ఉంది. అన్నం అందరికీ, భూమి కొందరికే. రెండేసి పుట్లు పొందిన 60 కుటుంబాలు ఒకే వర్ణానివి. జీతపు భూములు వృత్తులను బట్టి పంచినవి. ఈ భూమిని దున్నినవాళ్లు, లంకల్లో పంట తీసినవాళ్లు శాసనంలో లబ్ధిదారులుగా ఎక్కడా లేరు. బడికీ, ఆసుపత్రికీ, సత్రానికీ గింజలు వచ్చింది వాళ్ల చేతుల మీదుగానే. రాజు ఊరిని దానం చేశాడంటే ఊరి రాబడి మీద హక్కును దానం చేశాడని అర్థం. ఆ రాబడిని అంతకుముందు రాజోద్యోగికి చెల్లించిన రైతు, ఇక మీదట మఠం కాయస్థుడికి చెల్లిస్తాడు.

అధిపతికి పగ్గం

ఇంత ఆస్తి ఒక గురువు చేతిలో పెడితే ఏమవుతుందన్న ప్రశ్న విశ్వేశ్వరుడికి తట్టినట్టుంది. గోళకి సంప్రదాయంలోని ఆచార్యుడే ఈ ధర్మాలన్నిటికీ అధ్యక్షుడిగా ఉండాలన్నాడు. ఆయన శాంతస్వభావుడై, శైవ రహస్యాలు తెలిసినవాడై, మట్టినీ బంగారాన్నీ ఒకే తీరుగా చూసేవాడై ఉండాలి. ఆయనకూ జీతం ఉంది, రాబడి మొత్తం ఆయనది కాదు. ఆయన దారి తప్పితే శైవ సమాజం ఆయనను తొలగించి మరొకరిని నియమించాలి.

ఈ చివరి నియమం చాలా ముఖ్యం. దానం వ్యక్తికి ఇచ్చినా అది సంస్థకు చెందుతుంది. సంస్థకు అధిపతి ఉన్నా ఆయన పైన సమాజం ఉంటుంది. ట్రస్టు చట్టాలు, దేవాదాయ శాఖలు రాక ముందు, ఆరు వందల ఏళ్లకు పైగా వెనక, ఒక పల్లె మఠం తన అధిపతిని తీసేసే అధికారాన్ని రాతి మీద చెక్కించి పెట్టుకుంది. మఠాల ఆస్తుల మీద నేటికీ కోర్టుల్లో నడిచే తగవుల్లో సగం ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి.

ఏం మిగిలింది, ఏం పోయింది

విశ్వేశ్వరుడి పని మందడంతో ఆగలేదు. కాళేశ్వరం, శ్రీశైలం, ఏలేశ్వరం, ఉత్తర సోమశిల లాంటి చోట్ల ఆయన చేసిన ప్రతిష్ఠలను, కట్టించిన మఠాలను శాసనం చెబుతుంది. త్రిపురాంతకం, పుష్పగిరి శాసనాల్లోనూ గోళకి మఠం పేరు కనిపిస్తుంది. తమిళ ప్రాంతంలోనూ ఈ సంప్రదాయపు గురువులు ఉన్నారు. 1323లో కాకతీయ రాజ్యం కూలిపోవడంతో తెలుగు నేల మీద ఈ శాఖలకు పెద్ద దన్ను పోయింది.

తర్వాతి శతాబ్దాలు ఒక్కో చోట ఒక్కోలా గడిచాయి. తల్లి సంప్రదాయానికి దగ్గరి బంధువులైన శైవాచార్యులు కట్టించిన రాతి మఠం మధ్యప్రదేశ్ సీధీ జిల్లా చంద్రేహెలో ఇప్పటికీ నిలిచి ఉంది. గదులు, వసారాలు, మధ్యలో ముంగిలితో 10వ శతాబ్దపు మఠం ఎలా ఉండేదో అక్కడ చూడవచ్చు. అందులో 973 నాటి శాసనం కూడా ఉంది. ఇంగ్లాండ్‌లో ఎనిమిదో హెన్రీ 1536, 1540 మధ్య మఠాలన్నిటినీ రద్దు చేశాడు. ఆస్తులు చేతులు మారాయి, మొండిగోడలు మాత్రం పొలాల్లో నిలబడి నేడు పర్యాటక స్థలాలయ్యాయి.

కృష్ణా లోయలో జరిగింది వేరు. ఏలేశ్వరం నాగార్జునసాగర్ జలాశయంలో మునిగింది. నీళ్లు రాకముందు పురావస్తు శాఖ అక్కడ తవ్వకాలు జరిపింది. శ్రీశైలం జలాశయం వల్ల సోమశిల పాత ఆలయాలను విప్పి మెరక మీదికి తరలించారు. అంటే 20వ శతాబ్దపు అభివృద్ధి గోళకి సంప్రదాయపు కృష్ణా తీర స్థలాలను ఇప్పటికే ఒకసారి తాకింది. ఆ రెండు చోట్లా ముందుగా లెక్క తీసే ప్రయత్నమైనా జరిగింది.

మందడంలో మిగిలిన ముఖ్య సాక్ష్యం మల్కాపురం స్తంభం. జయంతి రామయ్య పంతులు ఈ శాసనాన్ని పరిష్కరించి ఆంధ్ర చరిత్ర పరిశోధక మండలి పత్రికలో ప్రచురించారు. తర్వాత అది దక్షిణ భారత శాసనాల పదో సంపుటంలో చేరింది. పి.వి. పరబ్రహ్మశాస్త్రి, సింథియా టాల్బట్ లాంటి చరిత్రకారులు కాకతీయ సమాజాన్ని అర్థం చేసుకోవడానికి ఆ పాఠాన్ని వాడుకున్నారు. పాఠం పుస్తకాల్లో భద్రంగా ఉంది కాబట్టి రాయి పోయినా ఫర్వాలేదని అనుకోవడానికి లేదు. పాత పాఠంలో చెరిగిన అక్షరాలను, సందేహం ఉన్న పదాలను మళ్లీ సరిచూడాలంటే రాయే ఆధారం. అది నిలిచిన చోటే ఊరి పేర్లకు, నది ఒడ్డుకు, దానం హద్దులకు సాక్ష్యం.

రాజధాని మధ్యలో

అమరావతి రాజధానికి పేరు బౌద్ధ స్తూపం వెలసిన అమరావతి నుంచి వచ్చింది. ఆ పట్టణం రాజధాని నిర్మాణ ప్రాంతానికి ఎగువన, కృష్ణ ఒడ్డునే ఉంది. రాజధాని గురించి చరిత్ర మాట్లాడినప్పుడల్లా శాతవాహనులు, బౌద్ధం గుర్తొస్తాయి. అది సహజమే. కానీ భూసమీకరణ కింద 2015లో 33 వేల ఎకరాలకు పైగా తీసుకున్న 29 గ్రామాల లోపలే మందడం, మల్కాపురం, వెలగపూడి ఉన్నాయి. సచివాలయం నిలిచిన ఊరే 1261లో ఒక బడికీ, ఆసుపత్రికీ రాబడి ఇచ్చిన ఊరు. కొత్త రోడ్లకు, భవనాలకు నేల చదును చేసేటప్పుడు ఈ సంగతి తెలిసి ఉండటం అవసరం. మఠం పునాదులు, ఆరోగ్యశాల గోడలు ఎక్కడైనా మిగిలి ఉంటే అవి ఉండేది ఈ మట్టి కిందే.

చేయాల్సిన పనులు పెద్ద ఖర్చుతో కూడుకున్నవి కావు. స్తంభానికి నీడ, కంచె, కాపలా. శాసనం సారాంశాన్ని నేటి తెలుగులో రాసిన ఒక పలక. అక్షరాలు ఇంకా అరిగిపోకముందే త్రిమితీయ చిత్రీకరణ. ఈ మూడు ఊళ్లలో లోతుగా తవ్వే ముందు పురావస్తు పరిశీలన. ప్రణాళిక కాగితాల్లో ఆలయ పరిసరాలను వారసత్వ స్థలంగా గుర్తించడం. ఇవేవీ నిర్మాణాన్ని ఆపే పనులు కావు.

రాజధానికి కావలసిన పాఠం కూడా ఆ రాతిలో ఉంది. అక్కడ భూమి చేతులు మారింది, బయటివాళ్లు వచ్చి స్థిరపడ్డారు, కొత్త ఊరికి కొత్త పేరు పెట్టారు. అయితే ఎవరికెంత, ఏ పనికెంత, తప్పు చేస్తే ఎవరు అడగాలి అన్నది అందరికీ కనిపించే చోట నిలబెట్టారు. ఆ లెక్కలో సేద్యం చేసినవాళ్లను రాయకపోవడం దాని లోటు. ప్రసవించే తల్లికి, చదువుకునే పిల్లాడికి, ఆకలితో తలుపు తట్టే ఎవరికైనా వాటా రాసిపెట్టడం దాని గొప్ప. 760 ఏళ్లు దాటాక ఆ రెంటినీ చదివి చెప్పగల ఆధారం అక్కడ ఆ స్తంభం ఒక్కటే.